సర్రేలో పాత కట్టడాలు: కాటన్ దొర సమాధి నుంచి క్లైవ్ మేడ దాకా, చూసినవాళ్ళు చెప్పండి

గోదారి గట్టు

అందరికీ నమస్కారమండి. లండన్ పక్కనే ఉన్న ఈ సర్రే కౌంటీలో మన తెలుగువాళ్ళం ఇంతమందిమి ఉన్నాం, వోకింగ్ అనీ గిల్డ్‌ఫర్డ్ అనీ ఎప్సమ్ అనీ, కానీ నలుగురం కలిస్తే స్కూలు క్యాచ్‌మెంటు, ఇంటి రేట్లు, వాటర్లూ రైళ్ళు ఇవే కబుర్లు. ఇండియా నుంచి చుట్టాలొస్తే లండన్ తిప్పేసి, ఒకరోజు స్టోన్‌హెంజ్ చూపించేసి పంపించేస్తాం, మన గుమ్మం చుట్టూ ఉన్నవాటిని మాత్రం పట్టించుకోం.

మా నాన్నగారు ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు, ఈ ఎండాకాలం అమ్మతో కలిసి రాజమండ్రి నుంచి వస్తున్నారు. ఆయన్ని ముందు డోర్కింగ్ తీసుకెళ్ళాలని ఎప్పుడో అనేసుకున్నా, కాటన్ దొర సమాధి అక్కడే కదా. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేయించినాయన 1899లో 96 ఏళ్ళ వయసులో డోర్కింగ్‌లోనే పోయారు. మా వైపు గోదావరి స్నానం సంకల్పంలో పంతుళ్ళు ఆయన పేరు కూడా చెప్పేవారని మా తాతగారు అనేవారు, మా ఇంట్లో ఇప్పటికీ దేవుడి గూడు పక్కన ఆయన ఫొటో ఉంది.

డోర్కింగ్ తర్వాత ఇంకేం చూపించాలి? పెద్ద పెద్ద కోటలే అక్కర్లేదండి, ఈ కౌంటీ సంగతి తెలిసేవి కావాలి. చూసినవి చెప్పండి, చూసి నచ్చనివి కూడా చెప్పండి.

బెజవాడ బుల్లోడు

గోదారి గట్టు గారూ మంచి టాపిక్ పెట్టారు. డోర్కింగ్ శ్మశానం రీగేట్ రోడ్డు మీదే ఉంటుంది, స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు, పెద్దవాళ్ళు అయితే కొంచెం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి మంచి బూట్లు వేయించండి. 1855లో పెట్టిన శ్మశానం అది, చెకుముకి రాయితో కట్టిన ప్రార్థన గదులు ఉంటాయి, ఆ తోట మొత్తం హెరిటేజ్ రిజిస్టర్లో ఉంది. ఎదురుగా బాక్స్ హిల్ కనిపిస్తుంది. సమాధి చాలా సాదాసీదాగా ఉంటుంది, మన ఊళ్ళల్లో గుర్రం మీద కూర్చున్న విగ్రహాలు చూసి వెళ్ళినవాళ్ళు ఇంతేనా అనుకుంటారు, నాన్నగారికి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

ఇంకో సంగతి, ఆయన రిటైరయ్యాక డోర్కింగ్‌లో ఊరికే కూర్చోలేదు. నేలని లోతుగా దున్ని గోధుమ పండించే ప్రయోగాలు చేశారు. ఇండియాకి రైళ్ళ కంటే కాలవలు మేలని చివరిదాకా వాదించారు, 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూర్చోబెట్టి బోలెడు ప్రశ్నలు వేశారు. వాళ్ళమ్మాయి ఎలిజబెత్ (పెళ్ళయ్యాక లేడీ హోప్) 1870ల్లో డోర్కింగ్‌లో కాఫీ రూమ్ ఒకటి పెట్టింది, కూలి చేసుకునేవాళ్ళు పబ్బులకి పోకుండా సాయంత్రాలు కూర్చోడానికి. అంటే తండ్రి మాత్రమే కాదు, ఆ కుటుంబమే ఆ ఊరి చరిత్రలో ఉంది. కృష్ణా ఆనకట్ట వెనక కూడా ఆయన ఆలోచనే ఉంది కాబట్టి మా బెజవాడ వాటా కూడా అందులో రాసుకోండి 🙏

కోనసీమ కొబ్బరి

కాటన్ అంటే కాలవలే కదా, అయితే మీ నాన్నగారికి వే నది తప్పకుండా చూపించండి. నేను గిల్డ్‌ఫర్డ్‌లో ఉంటా, వారం వారం ఆ గట్టు మీద నడుస్తా. వే నావిగేషన్ 1653లో తెరిచారు, సుట్టన్ ప్లేస్ అనే మేడ యజమాని సర్ రిచర్డ్ వెస్టన్ మొదలెట్టించాడు గానీ తెరిచేముందే 1652లో పోయాడు. గిల్డ్‌ఫర్డ్ నుంచి వేబ్రిడ్జి దగ్గర థేమ్స్‌లో కలిసేదాకా పడవలు పోయేలా నదినే అక్కడక్కడ కోసి, కాలవ తవ్వి, లాకులు పెట్టారు. 1764లో గొడాల్మింగ్ దాకా పొడిగించారు, మొత్తం ఓ 20 మైళ్ళు.

మనం విజ్జేశ్వరం లాకులు, ధవళేశ్వరం లాకులు చూసి పెరిగినవాళ్ళం కాబట్టి ఇక్కడ లాకు దగ్గర నిలబడితే కొత్తగా ఏం అనిపించదు. చెక్క గేట్లకి ఒక్కోదానికి బారెడు దూలం ఉంటుంది, దానికి నడుము ఆనించి కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి తోయాలి. ముందు అడుగున ఉన్న తలుపులు ఎత్తి నీళ్ళు వదిలి, రెండు వైపులా మట్టం సమానం అయ్యేదాకా ఆగాలి, అప్పటిదాకా ఎంతమంది తోసినా గేటు కదలదు, సమానం అయిన క్షణం మా పదేళ్ళ పాప ఒక్కతే తోసేస్తుంది. నీళ్ళ బరువు గురించి ఇరిగేషన్ ఇంజినీరుకి నేను చెప్పేదేం లేదు గానీ, 370 ఏళ్ళ కింద తవ్విన కాలవలో ఇప్పటికీ పడవ పోతుంటే గట్టు మీద నిలబడి చూడ్డం ఆయనకి నచ్చుతుంది, అది మాత్రం చెప్పగలను.

1964లో యజమాని వే నావిగేషన్‌ని నేషనల్ ట్రస్టుకి (పాత కట్టడాలు, తోటలు కాపాడే సంస్థ) రాసిచ్చేశాడు, గొడాల్మింగ్ దాకా పొడిగించిన ముక్క 1968లో చేరింది. గిల్డ్‌ఫర్డ్‌లో డాప్‌డ్యూన్ వార్ఫ్ అని పడవలు కట్టిన చోటు ఉంది, రిలయన్స్ అనే పాత బార్జి (సరుకు పడవ) అక్కడ ఉంది, లోపలికి ఎక్కొచ్చు. కాటన్ దొర గోదావరి కాలవలు పొలాలకే కాదు పడవలకి కూడా అని ఎందుకు పట్టుబట్టారో ఇది చూస్తే అర్థమవుతుంది. బొగ్గు, ధాన్యం, కలప అన్నీ ఇలా నీళ్ళ మీద పోయిన దేశం నుంచి వచ్చినాయన కదా.

చార్మినార్ పిలగాడు

అన్నా మా హైదరాబాద్ ముచ్చట కూడా రాయాలె. వోకింగ్‌ల ఉంటున్నరు అంటున్నరు కదా, మీ ఇంటి పక్కనే షాజహాన్ మసీదు ఉన్నది, చూసిన్రా? 1889ల కట్టిన్రు, బ్రిటన్‌ల మసీదు కోసమే అని కట్టిన మొదటి కట్టడం అది. లాహోర్ కాలేజీల ప్రిన్సిపాల్‌గ చేసిన డాక్టర్ లైట్నర్ ఇక్కడ ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి, దాని పక్కన మసీదు కట్టిపిచ్చిండు, పైసలు ఎక్కువ ఇచ్చింది భోపాల్ బేగం షాజహాన్, అందుకే ఆ పేరు. ఆర్కిటెక్టు విలియం ఐజక్ చేంబర్స్. 2018ల పాత కట్టడాల రక్షణ లిస్టుల అన్నిటికంటె పై హోదా, గ్రేడ్ 1 ఇచ్చిన్రు.

గుమ్మటం చూసి ఫొటో దిగి వచ్చేస్తరు అందరు, పక్కన ఇల్లు ఎవ్వరు చూడరు. దాని పేరు సర్ సాలార్ జంగ్ మెమోరియల్ హౌస్. మన నిజాం దీవాన్ మొదటి సాలార్ జంగ్ పేరు మీద! నేను మొదటిసారి ఆ పేరు చదివి ఆడనే నిలబడ్డ. మూసీ ఒడ్డున సాలార్ జంగ్ మ్యూజియం చూసుకుంట పెరిగినోణ్ణి, వోకింగ్ రైలు పట్టాల పక్కన ఆ పేరు ఉంటదని ఎన్నడు అనుకోలే.

ఇంకోటి, బ్రూక్‌వుడ్ స్మశానం. 1854ల తెరిచిన్రు, లండన్‌ల స్మశానాలు నిండిపోతే వాటర్లూ నుంచి శవాలకు సపరేట్ రైలు ఏసిన్రు, 1941ల బాంబు పడి ఆ స్టేషన్ పోయేదాక అది నడిచింది. హైదరాబాద్‌ల చాదర్‌ఘాట్ స్కూల్ హెడ్‌మాస్టర్‌గ చేసి, నిజాం ఇచ్చిన సెలవుతోటి ఖురాన్‌ను ఇంగ్లీషుల రాసిన మార్మడ్యూక్ పిక్తాల్ సమాధి ఆడనే ఉన్నది, 1936ల పోయిండు. హార్సెల్ కామన్‌ల మొదటి యుద్ధంల చనిపోయిన ఇండియా ముస్లిం సిపాయిల కోసం 1917ల గోడకట్టి గుమ్మటం తోరణం పెట్టిన స్థలం ఉన్నది, 1969ల సమాధులు బ్రూక్‌వుడ్‌కు మార్చిన్రు, 2015ల దాన్ని శాంతివనం లెక్క బాగుచేసిన్రు. ఇవన్నీ ఒక్క పూటల తిరగొచ్చు అన్నా.

గోదారి గట్టు

చార్మినార్ తమ్ముడూ, ఆ మసీదు ముందు నుంచి ప్రతిరోజూ స్టేషన్‌కి పోతాను, సాలార్ జంగ్ పేరుతో ఇల్లుందని ఇవాళే తెలిసింది. కోనసీమ కొబ్బరి గారూ, లాకులు లిస్టులో ఎక్కించేశా.

అమ్మకి నదులూ కాలవలూ బోర్ కొడతాయి, ఆవిడకి ఇళ్ళు చూడ్డం ఇష్టం. ఇక్కడ ఊళ్ళల్లో మేడ మీద గోడలకి కూడా పెంకులు వేలాడదీసి ఉంటాయి కదా, అవి ఎందుకు, ఎక్కడ బాగా కనిపిస్తాయి? ఎవరైనా అలాంటి ఇంట్లో ఉంటున్నారా?

రాతిగోడ

నేను ఉంటున్నాను 🙂 గొడాల్మింగ్ దగ్గర పల్లెలో, గ్రేడ్ 2 ఇల్లు. గోడలకి పెంకులు ఈ ప్రాంతం అలవాటు, లోపల అసలు కట్టడం కర్ర ఫ్రేము, ఓక్ దూలాలు, వాటి మధ్య మట్టీ సున్నం. వానకొట్టు తగలకుండా తర్వాతి కాలంలో పైన పెంకులు తొడిగారు. చేత్తో చేసిన పెంకులు కాబట్టి ఏ రెండూ ఒకే వంపులో ఉండవు, ఒకటి ఎర్రగా, ఒకటి ఇటుక రంగు, ఒకటి నల్లగా కాలినది, సాయంత్రం ఎండ పక్క నుంచి పడ్డప్పుడు గోడంతా చిన్న చిన్న నీడలతో నిండిపోతుంది. షియర్, చిడింగ్‌ఫోల్డ్, హాజిల్‌మియర్ ఈ వైపు తిప్పండి అమ్మగారిని, ఊళ్ళు ఊళ్ళే అలా ఉంటాయి.

కింది గోడ మాది బార్గేట్ రాయి, ఇక్కడి తేనె రంగు ఇసుకరాయి. దగ్గరికెళ్ళి చూస్తే రాళ్ళ మధ్య సున్నంలో వేలిగోరంత నల్లటి ఇనుపరాయి ముక్కలు వరసగా గుచ్చి ఉంటాయి, దాన్ని గాలెటింగ్ అంటారు. అందానికి కూడా, సందుల్లో సున్నం తక్కువ పట్టి గట్టిగా నిలవడానికి కూడా. గిల్డ్‌ఫర్డ్ చుట్టుపక్కల పాత గోడలు చాలావాటికి ఉంటాయి, చాలామంది వాటి పక్క నుంచే పోతుంటారు గానీ చూడరు.

మేం కొన్నప్పుడు పెద్ద తలనొప్పి, పాత ఓనరు ఎప్పుడో ఒక బిల్డరుని పెట్టి రాళ్ళ సందులన్నీ సిమెంటుతో పూడ్పించేశాడు. పాత గోడ చెమ్మ పీల్చుకుని మళ్ళీ బయటికి వదిలేస్తుంది, ఆ వదిలేది సున్నం సందుల్లోంచే. సిమెంటు పెడితే నీళ్ళకి దారి మూసుకుపోయి రాయిలోంచే బయటికి రావాలి, చలికాలం అది గడ్డకట్టి రాయి ముఖం పొరలు పొరలుగా ఊడిపోతుంది. మా వంటింటి గోడ అలా అయింది, లోపల బూజు, బయట రాయి పిండి పిండిగా రాలిపోయేది. కౌన్సిల్ కన్జర్వేషన్ ఆఫీసరుని అడిగి, సిమెంటు అంతా ఉలితో నిదానంగా తీయించి గానుగ సున్నం లాంటిదే ఇక్కడి లైమ్ మోర్టార్ పెట్టించాం. మేస్త్రి ఒక్కో సందూ నింపి, అది కాస్త బిగుసుకున్నాక బొటనవేలితో ఇనుపరాయి ముక్కలు ఒక్కొక్కటీ గుచ్చుకుంటూ పోయాడు. ఎండ తగిలి తొందరగా ఆరిపోకుండా తడి గోనెపట్టాలు కప్పాడు. మా తాతగారి మండువా ఇల్లు కట్టినప్పుడు గచ్చు మీద ఇలాగే తడి గడ్డి పరిచారని మా అమ్మ ఫోన్లో చెప్పింది.

సీమ బిడ్డ

అక్కా నేను కూడా ఫార్నమ్ దగ్గర ఒక లిస్టెడ్ ఇల్లు చూస్తా ఉండాను, కొనాల్నా వద్దా అని భయం. కిటికీలు డబుల్ గ్లేజింగ్ ఏసుకోనియ్యరంట నిజమేనా? గ్రేడ్ 1 గ్రేడ్ 2 తేడా ఏంది?

రాతిగోడ

తమ్ముడూ, గ్రేడ్ 1 అంటే అరుదైనవి, దాని కింద గ్రేడ్ 2 స్టార్, మిగతా 90 శాతానికి పైగా గ్రేడ్ 2నే. 1700కి ముందువి దాదాపు అసలు రూపంలో నిలిచి ఉంటే ఇంచుమించు అన్నీ లిస్టులో ఉంటాయి, 1850 దాకా కట్టినవి కూడా చాలావరకు. గ్రేడ్ 2 కదా బయట గోడ మార్చకపోతే చాలనుకుంటారు, అది కాదు, లోపల మెట్లు, పొయ్యి, తలుపు కూడా లెక్కే. పర్మిషన్ లేకుండా మారిస్తే క్రిమినల్ కేసు. అంతకంటే ముఖ్యం, ముందు ఓనరు చేసిన తప్పు పనిని సరిచెయ్యమని కొత్త ఓనరునీ అడగొచ్చు, దానికి ఇన్నేళ్ళని గడువు లేదు. కాబట్టి కొనేముందు లాయరుతో ప్రతి మార్పుకీ కన్సెంటు కాయితం ఉందో లేదో చూపించుకో, పాత కట్టడాలు తెలిసిన సర్వేయరునే పెట్టుకో. కిటికీలు పాతవి పీకి ప్లాస్టిక్‌వి పెట్టనివ్వరు, లోపల వైపు రెండో అద్దం ఫ్రేము పెట్టుకోవడానికి మామూలుగా ఒప్పుకుంటారు, మేం అదే చేశాం, చలి బాగా తగ్గింది. కొనుక్కో, భయపడకు, కానీ ప్రేమ ఉంటేనే కొనుక్కో.

విశాఖ కెరటం

అందరూ చిన్నవి చెప్తున్నారు, నేను పెద్దదాని గురించి అడుగుతా, మీ అభిప్రాయాలు కావాలి. క్లాండన్ పార్కు. 1720ల్లో లియోనీ అనే ఇటాలియన్ ఆర్కిటెక్టు ఆన్స్‌లో కుటుంబం కోసం కట్టిన మేడ, పాలరాతి హాలు రెండంతస్తుల ఎత్తు. 2015 ఏప్రిల్ 29న కింద బేస్‌మెంటులో కరెంటు బోర్డు నుంచి నిప్పంటుకుని కప్పుతో సహా తగలబడిపోయింది, స్పీకర్స్ పార్లర్ అనే ఒక్క గది దాదాపు చెక్కుచెదరకుండా మిగిలింది. ముందు కింది అంతస్తులో ముఖ్యమైన గదులు మళ్ళీ కడతామన్నారు, 2022లో నేషనల్ ట్రస్టు మాట మార్చి, కాలిన గోడలు కాలినట్టే ఉంచి జనం లోపల తిరిగి చూసేలా చేస్తామంది. నాకైతే కోపం వచ్చింది. వెస్ట్ ససెక్స్‌లో అప్‌పార్క్ 1989లో ఇలాగే కాలిపోతే అదే ట్రస్టు పని నేర్పించి మరీ చేయించి 1995లో తెరిచింది. గచ్చు పువ్వులు చేత్తో తీర్చే పని మళ్ళీ బతికింది దానివల్లే. క్లాండన్ కడితే ఇంకో తరం పనివాళ్ళు తయారయ్యేవాళ్ళు. డబ్బుంది, ఫొటోలున్నాయి, కొలతలున్నాయి, ఎందుకు కట్టరు?

కోనసీమ కొబ్బరి

కెరటం గారూ మీ బాధ అర్థమైంది కానీ నేను అటువైపు. కాలిపోయాక తీసిన ఫొటోలు చూడండి, ప్లాస్టరు అంతా రాలిపోయి ఇటుక పని బయటపడింది, కమానులు ఎలా తిప్పారు, పొయ్యిల గొట్టాలు గోడలో ఎలా మలిచారు, 300 ఏళ్ళుగా ఎవరికీ కనపడని సంగతులు. కొత్తగా కడితే ఆ ఇటుకలు మళ్ళీ ప్లాస్టరు వెనక్కి పోతాయి, మనం చూసేది 2020ల పని అవుతుంది. ఇంకోటి, ఆ కుటుంబం డబ్బులో జమైకా చెరుకు తోటల బానిసల సొమ్ము ఉంది, రెండో లార్డ్ ఆన్స్‌లో భార్య తెచ్చిన ఆస్తి. బంగారు పూత మళ్ళీ వేసి అదే వైభవం చూపించాల్సినంత అవసరం ఉందా?

ఆ తోట కథలో హినెమిహి అనే మావోరీల సభామందిరం కూడా ఉంది, 1886లో తరవేరా అగ్నిపర్వతం పేలినప్పుడు లోపల దాక్కున్న జనాన్ని కాపాడిన ఇల్లు. న్యూజిలాండ్ గవర్నరుగా చేసిన ఆన్స్‌లో 1892లో కొని ఇక్కడికి తెచ్చేశాడు. ఆ చెక్కడాలు తిరిగి ఇవ్వడానికి ట్రస్టు ఒప్పుకుంది. నాకు ఆ మేడ కంటే ఆ చిన్న మందిరం సంగతే ఎక్కువ పట్టింది.

విశాఖ కెరటం

హినెమిహి తిరిగి ఇచ్చేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. మేడ విషయంలో మాత్రం నా మాట అదే. బానిసల సొమ్ము ఉందని చెప్పాలంటే గది నిలబెట్టి ఆ గదిలోనే చెప్పొచ్చు. తాపీ పట్టి ఆ పైకప్పు పువ్వులు తీర్చినవాడు పని తెలిసిన కూలివాడు, లార్డు కాదు. అతని పని పోయింది కదా.

రాతిగోడ

మీ ఇద్దరూ చెప్పింది నిజమే, పని తెలిసినవాళ్ళ గురించే అయితే కాంప్టన్‌లో వాట్స్ చాపెల్ చూడండి. మేరీ వాట్స్ అనే ఆర్టిస్టు ఊళ్ళోవాళ్ళకి సాయంత్రం క్లాసులు పెట్టి టెర్రకోట చెక్కడం నేర్పించి, 70 మందికి పైగా ఊరివాళ్ళతో 1896 నుంచి 1898 మధ్య కట్టించింది. అక్కడి మట్టే. బయట గోడంతా ఎర్రమట్టి చెక్కడాలు, లోపల అడుగు పెడితే దేవదూతల ముఖాలు, తీగలు, బంగారు, ఆకుపచ్చ రంగులు కింద నుంచి గుమ్మటం దాకా, 1904లో పూర్తయింది. గ్రేడ్ 1. గోదారి గట్టు గారూ అమ్మగారికి ఇది నచ్చకపోతే నన్నడగండి.

బెజవాడ బుల్లోడు

గిల్డ్‌ఫర్డ్ హై స్ట్రీట్ మర్చిపోయారు అందరూ. రోడ్డు మీదకి చేయి చాచినట్టు ఉండే 1683 గడియారం, అక్కణ్ణుంచి వీధిలో ఇంకాస్త పైకెళ్తే అబాట్స్ హాస్పిటల్, 1619లో ఆర్చ్ బిషప్ జార్జ్ అబాట్ తన ఊరి ముసలివాళ్ళ కోసం కట్టించిన ఇల్లు. ఇప్పటికీ అందులో వృద్ధులే ఉంటున్నారు, 400 ఏళ్ళు దాటింది. సెప్టెంబరులో హెరిటేజ్ ఓపెన్ డేస్ అని ఉంటాయి, మామూలు రోజుల్లో లోపలికి రానివ్వని ఇలాంటివి చాలా ఫ్రీగా చూపిస్తారు. మీ వాళ్ళు అప్పటిదాకా ఉంటే తప్పక చూడండి. ఫార్నమ్ పక్కన వేవర్లీ అబ్బే కూడా ఫ్రీ, 1128లో పెట్టిన మఠం, ఇంగ్లండ్‌లో సిస్టర్షియన్లకి (ఒక క్రైస్తవ సన్యాసుల శాఖ) అదే మొదటిది. 1536లో మూసేశాక రాళ్ళు ఊడదీసి లోస్లీ హౌస్‌కి వాడారు. వానొస్తే అడుసు, బూట్లు మర్చిపోకండి.

నల్లమల పిల్ల

నేను ఈ గ్రూపులో కొత్త. మా పాప ఈషర్ దగ్గర స్కూల్లో ఇయర్ 8, వాళ్ళకి లోకల్ హిస్టరీ ప్రాజెక్టు ఇచ్చారు, క్లేర్‌మాంట్ మీద రాస్తోంది. రాబర్ట్ క్లైవ్ కట్టించాడని మాత్రం తెలుసు. మన వైపుకి దానికి సంబంధం ఉందా? ఉంటే రాసుకుంటానంటోంది.

చార్మినార్ పిలగాడు

అక్కా ఉన్నది, మస్తు ఉన్నది. ముందుగాల చిల్‌వర్త్ గురించి రెండు ముక్కలు, గిల్డ్‌ఫర్డ్ పక్కన అడవిల తుపాకి మందు మిల్లుల శిథిలాలు ఉన్నయి, 1626ల పెట్టింది ఈస్ట్ ఇండియా కంపెనీయే. తుపాకి మందుకు సురేకారం కావాలె, కంపెనీ అది ఇండియా నుంచి ఓడల్ల తెచ్చేది. 1920 దాక నడిచింది. ఇప్పుడు పిల్లలు ఆడుకుంట తిరుగుతరు ఆడ.

ఇగ క్లేర్‌మాంట్ గురించి మన కోస్తావాళ్ళు చెప్తే బాగుంటది.

విశాఖ కెరటం

నేను చెప్తా. క్లైవ్ 1768లో క్లేర్‌మాంట్ కొన్నాడు, అంతకుముందున్న వాన్‌బ్రూ కట్టిన ఇల్లు కూల్చేసి, కేపబిలిటీ బ్రౌన్, హెన్రీ హాలండ్‌లతో కొత్త మేడ కట్టించాడు. 1774లో చనిపోయాడు, ఆ ఇంట్లో సుఖపడిందేం లేదు. మేడ ఇప్పుడు ప్రైవేటు స్కూలు, తోట మాత్రం నేషనల్ ట్రస్టుది, గడ్డితో మెట్లు మెట్లుగా మలిచిన యాంఫీథియేటరు క్లైవ్‌కి ముందు నుంచే ఉంది, పాపని దాని పైమెట్టు దాకా ఎక్కించండి, చెరువు మొత్తం కనిపిస్తుంది.

మన సంబంధం ఇలా రాయమనండి. 1758లో క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని సైన్యంతో మా విశాఖ వైపు పంపించాడు. ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళని ఓడించారు, విజయనగరం రాజు ఆనంద గజపతి ఫోర్డ్ పక్షాన ఉన్నాడు. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట పట్టుకున్నారు. 1765లో క్లైవ్ మొగలు పాదుషా షా ఆలం దగ్గర బెంగాల్ దివానీతో పాటు ఉత్తర సర్కారులకి కూడా ఫర్మానా రాయించుకున్నాడు, గంజాం నుంచి గుంటూరు దాకా. మరుసటి ఏడు నిజాంతో సంధి. మన కోస్తా కంపెనీ చేతికి పోయింది అలా. ఆ సంధి తర్వాత రెండేళ్ళకి క్లైవ్ ఈషర్‌లో మేడ కొన్నాడు. డబ్బు ఎక్కువగా బెంగాల్‌ది, ప్లాసీ తర్వాత వచ్చింది, అది కూడా రాయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. 2020లో నేషనల్ ట్రస్టు తన ఆస్తుల్లో వలసపాలన, బానిసత్వంతో సంబంధమున్న 93 చోట్ల గురించి రిపోర్టు ఇచ్చింది, పాపకి అది పనికొస్తుంది.

నల్లమల పిల్ల

చాలా థ్యాంక్స్ అండి. పాప చందుర్తి ఎక్కడుందో మ్యాపులో వెతికి, మా అత్తగారి ఊరు అక్కడికి అరగంటేనని కనిపెట్టింది. చందుర్తి, మచిలీపట్నం, ఈషర్ మూడూ ఒకే మ్యాపు మీద గీస్తానంటోంది.

గోదారి గట్టు

ప్లాను ఇలా వేశానండి: మొదటి శనివారం డోర్కింగ్, తర్వాత వే లాకులు, డాప్‌డ్యూన్. అమ్మకి షియర్, కాంప్టన్. నాన్నగారికి నిన్న ఫోన్లో చెప్తే లాకు గేటుకి ఏ కలప వాడతారు, ఎన్నేళ్ళకి మారుస్తారని అడుగుతున్నారు. కొబ్బరి గారూ, ఆ శనివారం మీరు డాప్‌డ్యూన్‌కి రాగలరా? ఆయన ప్రశ్నలకి నా ఒక్కడి వల్ల కాదు.

కోనసీమ కొబ్బరి

ఓక్ వాడతారండి, మిగతావి అక్కడ వాలంటీర్లలో గేట్ల పని తెలిసిన పెద్దాయన ఒకరుంటారు, ఆయన్నే అడిగిద్దాం. పొద్దున పదకొండుకి వార్ఫ్ గేటు దగ్గర ఉంటాను, పులిహోర నేను తెస్తా.